సెట్టింగ్స్ ఆగిపోతాంటే ఫోన్‌ను ఫార్మాట్‌కు ఇచ్చే ముందు



ఈసారి పంట గురించి కాకుండా ఫోన్ గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండి. శనగ విత్తే రోజుల నుంచి ఇప్పటిదాకా మా ఊర్లోనే నలుగురు ఇదే బాధ చెప్పినారు. ఫోన్ బాగానే పని చేస్తాంటాది, ఫోన్లు వస్తాయి, వాట్సాప్ వస్తాది. గేరు చక్రం బొమ్మ ఉండే సెట్టింగ్స్ నొక్కితే మాత్రం తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతాది. సెట్టింగ్స్ ఆగిపోయింది అని చిన్న పెట్టె ఒకటి వస్తాది. మళ్లీ నొక్కినా అదే కథ. టౌన్లో అంగడికి తీసుకుపోతే ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టాల పెద్దాయనా, మూడు వందలు."

ఫార్మాట్ అంటే ఫోన్లో మనం పెట్టుకున్నదంతా తుడిచేసి, కొన్న రోజు ఎట్లా ఉండెనో అట్లా చేయడం. కొన్నిసార్లు అది తప్పదు. చానాసార్లు మాత్రం అది గోటితో పోయేదానికి గొడ్డలి. ఏది ఎప్పుడో తెలియాలంటే సెట్టింగ్స్ ఎందుకు మూసుకుపోతాదో కొంచెం తెలియాల.

సెట్టింగ్స్ అంటే మన బోరు మోటరుకు స్టార్టర్ పెట్టె లాంటిది. నీళ్లు పోసేది మోటరే గానీ, ఆన్ ఆఫ్ అంతా పెట్టెలోనే. ఏ సిమ్ పని చేయాల, ఏ యాప్‌కు కెమెరా ఇవ్వాల, ఏ యాప్ తీసెయ్యాల, ఎంత జాగా మిగిలింది, అన్నీ దాంట్లోనే. అది కూడా వాట్సాప్ మాదిరి ఒక యాపే. యాప్ కాబట్టి దానికీ పని చేసేదానికి కొంత ఖాళీ జాగా కావాల, దానికీ పాడు ఫైలు పడతాది, అది కూడా దెబ్బతింటాది. ఫోన్ మొత్తం చెడిపోయిందని దానికి అర్థం కాదు.

నా సంగతి చెప్తా. మాది ఆలూరు పక్క పల్లె, నల్లరేగడి నాలుగెకరాలు. ఫోన్ కొని నాలుగేళ్లయింది, ముప్పై రెండు జీబీది. శనగ విత్తనం కోసం పేరు రాయించుకునేటప్పుడు ఓటీపీ రావాల. ఆధార్‌కు లింకైన నంబరు నాకు రెండో సిమ్. ఆ సిమ్‌కు సిగ్నల్ గీతలు లేవు. సరిచేద్దామని సెట్టింగ్స్ నొక్కితే మూసుకుపాయ. వెనక ఇరవై మంది క్యూలో ఉన్నారు. విత్తనం అయిపోతే మళ్లీ లోడు ఎప్పుడొస్తాదో ఎవరికీ తెలీదు. పదును ఉన్నప్పుడు పడాల్సిన విత్తనం, పది రోజులాగితే భూమి నోరు తెరుస్తాది. మన బాధ మీకు వేరే చెప్పాల్నా.

ఆ పొద్దు పని జరిగింది ఎట్లంటే, ఆ సిమ్ తీసి పక్కనున్న ఆయప్ప ఫోన్లో వేసినాం. రెండు నిమిషాల్లో ఓటీపీ వచ్చింది. ఇది అందరూ గుర్తు పెట్టుకోండి. ఓటీపీ వచ్చేది సిమ్‌కు, ఫోన్‌కు కాదు. పీఎం కిసాన్ ఈకేవైసీ కావచ్చు, బ్యాంకు పని కావచ్చు, ఫోన్ మొరాయిస్తే పని ఆపుకోవద్దు. మామూలు బటన్ ఫోన్లో సిమ్ వేసినా మెసేజ్ వస్తాది. పీఎం కిసాన్‌కైతే మీసేవలోనో, సీఎస్సీలోనో వేలిముద్రతో కూడా ఈకేవైసీ చేస్తారు. విడతకు 2,000 చొప్పున ఏడాదికి 6,000 వచ్చే డబ్బు ఫోన్ బాగలేదని ఆగిపోకూడదు. ముందు పని కానిచ్చుకోండి, రిపేరు నిదానంగా చూసుకోవచ్చు.

మరుసటి రోజు అంగడికి పోయినా. అంగట్లో పిల్లోడు ఫోన్ చేతికి తీసుకుని ఒక్కసారి నొక్కి చూసి, ఫార్మాట్ అన్నాడు. "లోపల ఉన్నవి?" అంటే, "పోతాయి. ఫోటోలు గూగుల్లో ఉంటాయిలే" అన్నాడు.

నా ఫోన్లో ఉన్నవి ఏమంటే, రీసర్వే అప్పుడు పాతిన హద్దు రాళ్ల ఫోటోలు, మూడేళ్ల విత్తనం, మందుల బిల్లుల ఫోటోలు. వీటన్నిటికంటే పెద్దది మా నాయన గొంతు. ఆయన పోయి రెండేళ్లు. పోకముందు ఒక సాయంత్రం మా చేను కథ అంతా చెప్పినాడు. ఏ పక్క గట్టు ఎవరితో ఎప్పుడు మాట్లాడుకున్నారు, తూర్పు మూలలో వేపచెట్టు ఎవరి వాటాలోకి వస్తాది, పాత బాయి యాడ పూడ్చినారు, అన్నీ. పదకొండు నిమిషాలు. ఫోన్లో ఉండే రికార్డర్‌తో చేసింది. అది ఫోటో కాదు కాబట్టి గూగుల్ ఫోటోస్‌లోకి పోదు. ఫార్మాట్ కొడితే ఇంగ యాడా దొరకదు. మూడు వందల రూపాయల పనికి పోయేది అది.

ఫోన్ తీసుకుని ఇంటికొచ్చేసినా. రాత్రి మా పాప బెంగళూరు నుంచి ఇంకో ఫోన్‌కు వీడియో కాల్ చేసి ఒక్కొక్కటి చెప్పింది. అప్పటి నుంచి ఊర్లో మిగతా ఫోన్లతో చూసింది, పాపను అడిగి తెలుసుకుంది, అన్నీ కలిపి వరసగా రాస్తా. డ్రిప్పు ఉన్నోళ్లకు ఈ వరస సులభంగా అర్థమైతాది. చుక్క పడకపోతే మొదట ఫిల్టర్ కడుగుతాం, తర్వాత లైను చివర మూత తీసి నీళ్లు వదుల్తాం, అప్పటికీ కాకపోతే యాసిడ్. పైపులన్నీ పెరికేది ఆఖరున.

మొదటిది, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయడం. నెలల తరబడి ఫోన్ ఆపనోళ్లు మనలో చానామంది. అసలు కదలకపోతే పవర్ బటన్‌ను, కొన్ని ఫోన్లకు పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి, పది పదిహేను సెకన్లు ఒత్తి పట్టుకుంటే దానంతట అదే ఆరి వెలుగుతాది. దీనికి ఏమీ పోదు. నాది ఇట్లా చేస్తే ఒక్కసారి తెరుచుకుని మళ్లీ మొదటికొచ్చింది.

రెండోది, జాగా. ఎక్కువ ఫోన్లలో రోగం ఇక్కడే. జాగా ఎంతుందో సెట్టింగ్స్‌లో చూద్దామంటే అదే తెరుచుకోదు కదా. దానికి దారి ప్లే స్టోర్. ప్లే స్టోర్ తెరిచి పైన కుడి మూల మన బొమ్మ నొక్కితే, యాప్‌లను, పరికరాన్ని మేనేజ్ చేసేదానికి ఒక వరస ఉంటాది. దాంట్లో మొత్తం ఎంత, నిండింది ఎంత అని చూపిస్తాది. నాది చూస్తే గట్టు దాకా నిండింది. వాడని యాప్‌లు అక్కడి నుంచే తీసెయ్యొచ్చు, సెట్టింగ్స్‌తో పని లేదు.

జాగా నిండేది దేనితో? మన గుడ్ మార్నింగ్‌లతోనే. నవ్వుకోవద్దండి, ఇది అమెరికా పేపర్లలో కూడా వచ్చింది. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. ఇండియాలో ఫోన్లు ఎందుకు స్తంభించిపోతున్నాయని గూగుల్ వాళ్లు వెతికితే, పొద్దున్నే పంపుకునే పూలు, సూర్యుడు, దేవుడి బొమ్మలు లక్షలకు లక్షలు దొరికినాయంట. మన దేశంలో ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోన్లో జాగా చాలడం లేదని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేనని ఆ వార్తలోనే ఉంది. అందుకే గూగుల్ వాళ్లు 2017 డిసెంబర్‌లో ఫైల్స్ గో అని ఒక యాప్ తెచ్చి, ఈ బొమ్మలను ఏరి తీసేసే ఏర్పాటు దాంట్లో పెట్టినారు. ఇప్పుడు దాని పేరు ఫైల్స్ బై గూగుల్. చానా ఫోన్లలో ముందే ఉంటాది.

వాట్సాప్‌కు కూడా సొంత సెట్టింగ్స్ ఉన్నాయి. ఫోన్ సెట్టింగ్స్ మూసుకుపోయినా అవి తెరుచుకుంటాయి. దాంట్లో స్టోరేజ్ అండ్ డేటా, ఆ లోపల మేనేజ్ స్టోరేజ్. ఏ గ్రూపు ఎంత మింగిందో పెద్దది పైన పెట్టి చూపిస్తాది. నాకైతే ఒక్క గ్రూపే మూడు జీబీ తినింది. తీసేసినాక ఇంకో మాట. గ్యాలరీలో, ఫైల్స్‌లో తీసేసినవి వెంటనే పోవు, చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి. బుట్ట కూడా ఖాళీ చేస్తేనే జాగా వస్తాది. కళ్లంలో ఊడ్చిన పొట్టు మూలన కుప్ప పెట్టి కళ్లం ఖాళీ అయిందనుకుంటే ఎట్లా?

కానీ తీసేసే ముందు కావాల్సినవి పక్కకు తీసుకోండి. నేను మొదట చేసింది అదే. కంప్యూటర్‌కు కేబుల్ పెడితే ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని ఎంచుకోవాల, ఆ పేజీ కూడా చానా ఫోన్లలో సెట్టింగ్స్‌దే, అది కూడా మూసుకుపోవచ్చు. అందుకని ఫోన్‌కు తగిలించే పెన్‌డ్రైవ్, ఓటీజీ అంటారు, అది తగిలించి ఫైల్స్ యాప్‌లో నుంచి కాపీ చేసినా. నాయన రికార్డింగు రికార్డింగ్స్ అనే ఫోల్డర్లో దొరికింది. వాట్సాప్ ఫోటోలు, వాయిస్‌లు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్లో, మీడియా లోపల ఉంటాయి. కాపీ అయినాక పెన్‌డ్రైవ్‌లో నుంచే ఒకసారి తెరిచి విన్నా. కాపీ అయింది అని రాత వస్తే సరిపోదు, తెరిచి చూసుకోవాల. విత్తనం మూట మీద పేరు చూసి నమ్ముతామా, మొలక కట్టి చూస్తాం కదా.

ఇవన్నీ చేసి ఆరు జీబీ ఖాళీ చేసి, ఫోన్ ఆపి ఆన్ చేస్తే సెట్టింగ్స్ తెరుచుకుంది. మళ్లీ ఇప్పటిదాకా మూసుకోలేదు. రెండో సిమ్ కూడా సరిచేసుకున్నా. ఖర్చు పెన్‌డ్రైవ్‌దే.

జాగా ఉండి కూడా మూసుకుపోతాంటే మూడోది, అప్‌డేట్. యాప్‌లన్నిటికీ వెనకుండి పని చేసే భాగాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ ఒకటి. 2021 మార్చి 22, 23 తేదీల్లో ప్రపంచమంతా ఫోన్లలో జీమెయిల్ మొదలుకొని చానా యాప్‌లు ఉన్నట్టుండి మూసుకుపోయినాయి. జనం ఫోన్లు పోయినాయని భయపడిరి. చూస్తే తప్పు ఈ వెబ్‌వ్యూలో. గూగుల్ కొత్తది పంపింది, ప్లే స్టోర్‌లోకి పోయి వెబ్‌వ్యూనూ క్రోమ్‌నూ అప్‌డేట్ చేసుకుంటే సరిపోయింది. ఆ రోజు తొందరపడి ఫార్మాట్ కొట్టించినోళ్లు ఊరికే పోగొట్టుకున్నట్టే. కాబట్టి ప్లే స్టోర్‌లో పేరు వెతికి ఈ రెండూ అప్‌డేట్ చేసి చూడండి.

నాలుగోది, సేఫ్ మోడ్. పవర్ బటన్ ఒత్తితే పవర్ ఆఫ్ అని తెర మీద వస్తాది కదా, చానా ఫోన్లలో ఆ రాతను వేలితో ఒత్తి పట్టుకుంటే సేఫ్ మోడ్‌లోకి పోవాల్నా అని అడుగుతాది. ఆ మోడ్‌లో మనం బయటి నుంచి వేసుకున్న యాప్‌లేవీ నడవవు, ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. అప్పుడు సెట్టింగ్స్ తెరుచుకుందంటే దొంగ మనం వేసుకున్న యాప్‌లలోనే ఉన్నట్టు. ఫోన్ స్పీడు పెంచుతామనేవి, రంగురంగుల థీమ్‌లు, ఈ మధ్య వేసినవి ఒక్కొక్కటి తీసేసి చూడాల. ఆ మోడ్‌లోనే యాప్‌ల జాబితాలో సిస్టమ్ యాప్‌లు చూపించమని, సెట్టింగ్స్ అనేదాన్నే తెరిచి క్యాష్ తుడవచ్చు. క్యాష్ అంటే ఫిల్టర్లో చేరిన ఒండ్రు, తుడిస్తే ఫోటోలు పోవు. ఫోన్ ఆపి ఆన్ చేస్తే మామూలుకొస్తాది.

కారణం ఒక్కోసారి ఎంత వింతగా ఉంటాదో చెప్తా. 2020లో ఒక సరస్సు ఫోటో తిరిగింది, అమెరికాలో మోంటానా అనే చోట తీసింది. చూసేదానికి చానా అందంగా ఉంటాది. దాన్ని తెర వెనక బొమ్మగా పెట్టుకుంటే కొన్ని శాంసంగ్, గూగుల్ ఫోన్లు ఆరుతా వెలుగుతా ఉండిపోయినాయి. వైరస్ ఏమీ లేదు. ఆ ఫోటోలో రంగుల లెక్క ఫోన్ మోయగలిగినదానికంటే ఎక్కువైంది, అంతే. ఒక్క బొమ్మకు ఫోన్ కూలబడింది. అందుకే చెడిపోయే ముందు కొత్తగా ఏం పెట్టినామని గుర్తు చేసుకునేది మంచిది. పశువు మేత ముట్టకపోతే నిన్న ఏం తినిందని అడుగుతాం కదా.

ఇప్పటిదాకా చెప్పింది రాత పెట్టె చూపించి ఆగిపోయే రకం గురించి. ఇంకో రకం ఉండాది, అది ప్రమాదం.

మా పక్క చేను రైతుకు సెట్టింగ్స్ తెరుచుకుంటాది. లోపల యాప్‌ల జాబితాలోకి పోయి ఒక యాప్ తీసేద్దామని నొక్కితే చప్పుడు చేయకుండా మొదటి తెరకొస్తాది. ఆగిపోయింది అనే రాత ఏదీ రాదు. ఆయన కూడా నాదాని మాదిరే అనుకుని జాగా ఖాళీ చేసినాడు, తగ్గలేదు. పాపకు చెప్తే ఒకటే అడిగింది: "నాయనా, ఆ అన్న వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఏమన్నా వేసుకున్నాడా?" అడిగితే, పీఎం కిసాన్ పేరుతో వచ్చింది ఒకటి ఉన్నింది. ఎవరో గ్రూపులో పెట్టింది. అట్లాంటి ఏపీకే ఫైళ్ల గురించి పోలీసులు హెచ్చరిస్తానే ఉన్నారు. వాటిలో కొన్ని మనల్ని యాక్సెసిబిలిటీ అనే అనుమతి అడుగుతాయి. అది ఇస్తే తెరను అవే నొక్కగలవు, మన మెసేజ్‌లు చదవగలవు. వాటిని తీసేద్దామని మనం సెట్టింగ్స్‌లోకి పోతే, అవే వెనక్కి కొట్టి బయటికి తోస్తాయి. అంటే సెట్టింగ్స్ చెడిపోలేదు, లోపల కూర్చున్నోడు తలుపు మూస్తాన్నాడు.

అట్లయితే వరస వేరే. మొదట పైనుంచి తెర లాగి ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపి, సిమ్ బయటికి తీసెయ్యాల. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, ఆన్‌లైన్ ఆపించాల. డబ్బు కదిలుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాల, సైబర్ మోసాలకు దేశమంతా అదే నంబరు. తర్వాత సేఫ్ మోడ్‌లో పోయి యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్ అనే చోట ఆ యాప్‌కున్న అనుమతి పీకేసి, దాన్ని తీసెయ్యాల. ఆయన ఖాతాలో ఎరువులకు పెట్టుకున్న డబ్బు ఉన్నింది, కదల్లేదు, అంతవరకు మేలు. ఇట్లాంటి ఫోన్‌కు మాత్రం కావాల్సిన ఫోటోలు పక్కకు తీసుకుని ఫార్మాట్ చేయడమే మంచిది. ఏపీకేలు మాత్రం కాపీ చేయొద్దు. ఆయనది అట్లే చేసినాం. పిన్నులు, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చినాం.

ఫార్మాట్ చేయించక తప్పకపోతే మూడు చూసుకోండి. ఒకటి, గూగుల్ అకౌంట్ పేరు, పాస్‌వర్డ్ మీకు తెలియాల. 2015 నుంచి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, బటన్లు ఒత్తి బయటినుంచి ఫార్మాట్ కొడితే పాత అకౌంట్ అడుగుతాది, అది చెప్పకపోతే తెరుచుకోదు. దొంగల కోసం పెట్టిన తాళం మనకే పడతాది. రెండు, వాట్సాప్ బ్యాకప్. అది గూగుల్‌లో మనకిచ్చే 15 జీబీ ఉచిత జాగాలోనే లెక్కకొస్తాది. ముందు లెక్కలో వేసేవాళ్లు కాదు, 2024 నుంచి వేస్తున్నారు. ఆ జాగా నిండితే బ్యాకప్ నిలిచిపోయి ఉంటాది, ఆఖరి బ్యాకప్ తేదీ వాట్సాప్‌లోనే చూసుకోండి. మూడు, బటన్లు ఒత్తితే వచ్చే నల్ల తెరలో క్యాష్ తుడిచే వరస, డేటా అంతా తుడిచే వరస దగ్గర దగ్గరే ఉంటాయి. క్యాష్‌ది కొన్ని ఫోన్లలో అసలు ఉండదు. అక్కడ ఇంగ్లీషు చదవగలిగినోళ్లను పక్కన పెట్టుకోకుండా వేలు పెట్టొద్దు. అంగట్లో ఇచ్చినా మీ కళ్ల ముందరే చేయించండి, పిన్ను కాగితం మీద రాసిచ్చి రావద్దు.

ఫోన్ బాగున్న రోజే చేసుకోవాల్సింది ఒకటుంది. పాస్‌బుక్, హద్దురాళ్లు, బిల్లులు, పెద్దోళ్ల గొంతులు, వీటికి ఇంకో కాపీ ఇంకో చోట ఉండాల. పెన్‌డ్రైవ్‌లోనో, పిల్లల ఫోన్లోనో. మన పెద్దోళ్లు విత్తనం జొన్నలు అన్నీ ఒకే గాదెలో పోయలేదు. నాయన రికార్డింగు ఇప్పుడు మూడు చోట్ల ఉంది: నా దగ్గర, పాప దగ్గర, మా తమ్ముని దగ్గర. మొన్న తూర్పు గట్టు వేపచెట్టు కొమ్మలు కొట్టేటప్పుడు మాట వస్తే, తమ్ముడు తన ఫోన్లోనే తీసి వినిపించినాడు.

మీ ఫోన్లో ఏ రకంగా మూసుకుపోతాంది, రాత వచ్చి మూసుకుపోతాందా, రాత లేకుండా బయటికి తోస్తాందా, ఫోన్ ఏ కంపెనీది, కింద రాయండి. నాకు తెలిసింది చెప్తా, తెలియంది పాపను అడిగి చెప్తా. రెండో రకమైతే మాత్రం రాసేదానికి కూడా ఆగొద్దు, ముందు సిమ్ తీసెయ్యండి.